ఆ సరస్సుల్లో చేపలెప్పుడున్నాయి గనక!

కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా కొండల కింద ఫ్లై ఫిషింగ్ చేసేవాళ్ల మధ్య పది నిమిషాలు కూర్చుంటే చాలు, ఆ ఫిర్యాదు వినబడుతుంది. నేషనల్ పార్కు వాళ్లొచ్చి సరస్సుల్లో వలలు వేసి ట్రౌట్ చేపల్ని ఏరిపారేస్తున్నారట. అదీ కప్పల కోసమట! బంగారంలాంటి సరస్సుల్ని చేతులారా చంపేస్తున్నారట. బిషప్ ఊళ్లో గాలాల దుకాణాల ముందు కాఫీ కప్పుతో నిలబడి ఈ మాట అనని మనిషి అరుదు. మనవాళ్లేం తక్కువ తినలేదు. బే ఏరియా నుంచి వేసవిలో రాడ్లు భుజానేసుకుని కొండెక్కే తెలుగు కుర్రాళ్లలో ఒకడు మొన్నామధ్య నన్నే నిలదీశాడు: "అదేంటన్నా, చేప లేని చెరువు కూడా ఒక చెరువేనా? దానికీ స్విమ్మింగ్ పూల్‌కీ తేడా ఏముంది?"

అతన్ని అని లాభం లేదు. నూరేళ్లకు పైగా అక్కడ అందరూ అనుకుంటున్నదే అతనూ అన్నాడు. ట్రౌట్ ఉంటేనే సరస్సుకి ప్రాణం, లేకపోతే అది ఖాళీ. కనుక చేపలు వదిలినవాడు పుణ్యాత్ముడు, తీసేవాడు ద్రోహి. నేనూ ఆ కొండల్లో గాలం వేసేవాణ్నే. పది వేల అడుగుల ఎత్తున, అడుగునున్న గులకరాళ్లు కూడా లెక్కపెట్టగలిగేంత తేటనీళ్లలో, గట్టు వెంబడి తిరుగుతున్న ట్రౌట్‌ని కంటితో చూసి, దాని దారిలో నాలుగు బారల ముందు ఈకల ఈగని వాల్చి, ఊపిరి బిగబట్టి నిలబడడంలో ఉన్న మజా నాకెవరూ చెప్పనక్కర్లేదు. వచ్చే వేసవిలోనూ వెళ్తాను. అయినా సరే, ఆ అభిప్రాయం శుద్ధ తప్పు. దాన్ని చరిత్ర ఒప్పుకోదు, జీవశాస్త్రం ఒప్పుకోదు. గాలం వేసేవాడి స్వార్థమొక్కటే చూసుకుందామన్నా అది నిలవదు.

అసలు ఆ నీళ్లలోకి చేప ఎలా వచ్చిందో చూద్దాం. సియెర్రా ఎగువ సరస్సులు మంచుయుగంలో హిమానీనదాలు గ్రానైటుని గీకి తవ్విన గుంటలు. మంచు వెనక్కి తగ్గాక వాటిలో నీళ్లు నిలిచాయి. కింద నదుల్లోని చేప పైకెక్కుదామంటే దారిపొడుగునా నిలువు జలపాతాలు. అందుకే ఎక్కలేదు. దక్షిణాన కెర్న్ నది ఎగువ ప్రాంతంలాంటి కొద్ది చోట్లు తప్పిస్తే, పడమటి వాలు మీద సుమారు ఆరు వేల అడుగులు దాటాక చేపన్నదే లేదు. ఒక ఏడు, రెండేళ్లు కాదు, వేల ఏళ్లు లేదు. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో గొర్రెల కాపరులు, గనుల వాళ్లు, సరదా వేటగాళ్లు బకెట్లలో చేపల్ని మోసుకెళ్లి ఆ నీళ్లలో వదలడం మొదలెట్టారు. తర్వాత ఆ పనికి హోదా వచ్చింది. నేషనల్ పార్కుల్ని కాపలా కాసిన సైనికులు వదిలారు. ప్రకృతి పరిరక్షణకి పెట్టింది పేరైన సియెర్రా క్లబ్ సభ్యులూ ఓ చెయ్యి వేశారు. కంచర గాడిదల మీద పాలక్యాన్లలో చేపపిల్లలు కొండెక్కాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆ గాడిదల పని విమానాలకి అప్పగించారు. చిన్న విమానం సరస్సు మీద కిందికి దిగి చేపపిల్లల్ని నీళ్లతో సహా కుమ్మరించేసి వెళ్లిపోతుంది. దారీ తెన్నూ లేని మడుగులకి కూడా ట్రౌట్ చేరింది అలాగే.

గోల్డెన్ ట్రౌట్ కథైతే మరీ విడ్డూరం. అది 1947 నుంచి కాలిఫోర్నియా రాష్ట్ర చేప. పసుపు ఒళ్లు, పొట్ట కింద కుంకుమ చార. దాని పుట్టిల్లు సౌత్ ఫోర్క్ కెర్న్, గోల్డెన్ ట్రౌట్ క్రీక్ అనే రెండు పాయలు, అంతే. 1876లో షెర్మన్ స్టీవెన్స్ అనే కలప వ్యాపారి పక్కనున్న మల్కీ క్రీక్‌లో కొన్నిటిని పట్టి కాటన్‌వుడ్ క్రీక్‌లో వదిలాడు. కాఫీ కెటిల్లో వేసుకుని మోసుకెళ్లాడని చెబుతారు. అక్కణ్నుంచి అవి 1891లో కాటన్‌వుడ్ సరస్సులకి చేరాయి. ఆ సరస్సుల్లో తీసిన గుడ్లతోనే దశాబ్దాల తరబడి సియెర్రా అంతటా గోల్డెన్ ట్రౌట్‌ని చల్లారు. ఈలోగా పుట్టింట్లో ఏం జరిగింది? సౌత్ ఫోర్క్ కెర్న్‌లోకి మనుషులు తెచ్చిన బ్రౌన్ ట్రౌట్ జొరబడి గోల్డెన్‌ని తినడం మొదలుపెట్టింది. రెయిన్‌బో ట్రౌట్ వచ్చి సంకరం చేసింది. గుడ్లు తీసిన కాటన్‌వుడ్ చేపల్లోనూ రెయిన్‌బో కలగలుపు బయటపడింది. అంటే పుట్టని చోటల్లా చల్లిన చేపకి, పుట్టిన చోటే గతి లేకుండా పోయింది. ఈ రెండు పనులూ చేసింది ఒకే అలవాటు. చేపలు వదలడమే చేపల్ని కాపాడడం అని బల్లగుద్ది చెప్పే పెద్దలు ఈ కథ దగ్గరికి వచ్చేసరికి ఎందుకో గొంతు సవరించుకుంటారు.

సరే, "ఖాళీ" సంగతి. ఆ ఖాళీని వంగి చూసినవాళ్లు మనలో ఎంతమంది? చేప లేదని తెలియగానే రాడ్ మడిచి పై సరస్సుకి నడిచేవాళ్లమే అందరం. ఈసారి ఆగండి. జూలై చివర్లో, మంచు కరిగాక, ట్రౌట్ లేని సరస్సు గట్టున మధ్యాహ్నం పూట మోకాళ్ల మీద కూర్చుని చూడండి. గట్టు పక్కన జానెడు లోతు నీళ్లు ఎండకి గోరువెచ్చగా ఉంటాయి. ఆ వెచ్చదనం కోసం తోకకప్పలు అక్కడ కిక్కిరిసి, అడుగు రాయి కనబడకుండా నల్లగా పరుచుకుంటాయి. కొన్ని చిటికెనవేలి గోరంత, కొన్ని బొటనవేలంత. ఈ తేడా ఎందుకంటే అవి ఒకే ఏడు పుట్టినవి కావు. లేచి నాలుగడుగులు వేస్తే గట్టు మీద ఎండ కాగుతున్న పెద్ద కప్పలు ఒకదాని వెంట ఒకటి నీళ్లలోకి దూకుతాయి. తొడల కింద పసుపు రంగు, అందుకే వాటికి పసుపు కాళ్ల కప్పలని పేరు. వాటిని ముట్టుకోవడం చట్టరీత్యా నేరం. అనుమతి ఉండి పట్టుకున్న పరిశోధకులు మాత్రం చేతికి వెల్లుల్లి వాసన అంటుకుంటుందంటారు.

ఇంకాస్త లోతుకి చూడండి. ఈదే పెంకుపురుగు ఒకటి గాలి బుడగ కోసం పైకొచ్చి మళ్లీ మునుగుతుంది. తెడ్డు కాళ్ల పురుగులు అడ్డదిడ్డంగా పరుగులు తీస్తుంటాయి. మేఫ్లై పిల్లపురుగులు రాళ్ల మీద తీరిగ్గా, దాగాల్సిన పని లేనట్టు మేస్తుంటాయి. ఎదురెండలో నీటిని చూస్తే బియ్యపు నూకంత ఎర్రటి ప్రాణులు వేలాదిగా తేలుతూ కనిపిస్తాయి. వాటి పేరు హెస్పెరోడయాప్టమస్. పెద్ద రకం డాఫ్నియా అనే మరో నీటి ప్రాణి కూడా వాటితోనే ఉంటుంది. ఖాళీ అంటున్నది దీన్నే!

ఇప్పుడు అందులో ట్రౌట్‌ని వదలండి. ట్రౌట్ కళ్లతో వేటాడే చేప. తేటనీళ్లలో దాని చూపుకి అడ్డూ ఆపూ లేదు. పెద్దగా ఉండి కదిలే ప్రాణి ఏదైనా ముందు పోతుంది. ఈదే పెంకుపురుగులు పోతాయి, మేఫ్లైలు పోతాయి, ఎర్ర నూకలు పోతాయి, డాఫ్నియా పోతుంది. అడుగు బురదలో దూరి బతికే చిరోనమిడ్ పురుగులూ, కంటికి ఆనని సన్న ప్రాణులూ మిగులుతాయి. ఇక కప్ప సంగతి చూస్తే గుండె తరుక్కుపోతుంది. ఆ ఎత్తులో వేసవి రెండు మూడు నెలలే గనక తోకకప్ప కప్పగా మారడానికి రెండు నుంచి నాలుగేళ్లు పడుతుంది. అన్ని చలికాలాలూ అది మంచు పలక కింద నీళ్లలోనే గడపాలి. పెద్ద కప్ప కూడా ఏడాదిలో ముప్పాతిక భాగం నీటి అడుగునే ఉంటుంది. ఎండాకాలం ఇంకిపోని, చలికాలం అడుగుదాకా గడ్డకట్టని లోతైన సరస్సులు తప్ప దానికి వేరే దిక్కు లేదు. ట్రౌట్‌కి కావలసినవీ సరిగ్గా ఆ సరస్సులే. చేప లేని లోతులేని కుంటల్లోకి కప్ప తప్పుకోవచ్చు కదా అనేవాళ్లకి ఇదే జవాబు. ఆ కుంట పిల్లలు పెరిగేలోపు ఎండిపోతుంది, లేదా గడ్డకడుతుంది.

ఇదంతా ఈమధ్య పర్యావరణవాదులు కనిపెట్టిన సాకు అనుకునేవాళ్లున్నారు. కానీ 1924లోనే జోసెఫ్ గ్రినెల్, ట్రేసీ స్టోరర్ అనే జంతుశాస్త్రవేత్తలు యోసెమిటీ జంతుజాలం మీద పెద్ద పుస్తకం అచ్చు వేశారు. ఎగువ ప్రాంతాల్లో ఎక్కడ చూసినా కనబడే కప్ప ఇదేనని రాసి, చేపలొచ్చిన సరస్సులో ముందో వెనకో కప్పలు దాదాపు తుడిచిపెట్టుకుపోతాయని అదే పుస్తకంలో చెప్పారు. అప్పటికింకా విమానాల్లో చేపలు కుమ్మరించే రోజులు రాలేదు. అంటే మనకి హెచ్చరిక ముందే అందింది, మనం దాని మీద కాఫీ కప్పు పెట్టుకున్నాం. ఆ కప్ప ఒకప్పటి తన ఆవాసాల్లో తొంభై శాతానికి పైగా ఖాళీ చేసేసింది. 2014లో ఫెడరల్ ప్రభుత్వం దాన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో చేర్చింది.

1990లలో రోలాండ్ న్యాప్, కాథ్లీన్ మ్యాథ్యూస్ అనే శాస్త్రవేత్తలు పక్కపక్కనే ఉన్న రెండు ప్రాంతాల్లో వందల సరస్సులూ కుంటలూ చుట్టొచ్చారు. ఒకటి కింగ్స్ కెన్యన్ నేషనల్ పార్కు, అక్కడ చేపలు వదలడం అప్పటికే ఆపేశారు. రెండోది జాన్ మ్యూర్ వైల్డర్‌నెస్, అక్కడ వదులుతూనే ఉన్నారు. అదే గ్రానైటు, అదే ఎత్తు, అదే మంచు. కప్పలున్న సరస్సుల సంఖ్యలో మాత్రం పార్కు అనేక రెట్లు ముందుంది. ఆ తర్వాత వాన్స్ వ్రెడెన్‌బర్గ్ అనే మరో శాస్త్రవేత్త కింగ్స్ కెన్యన్‌లోని సిక్స్‌టీ లేక్ బేసిన్‌లో ఇంకో అడుగు ముందుకేశాడు. కొన్ని సరస్సుల్లో వలలు వేసి ట్రౌట్‌ని పూర్తిగా తీసేశాడు. కొన్నిటిని ముట్టుకోలేదు. మూడేళ్లు తిరిగేసరికి చేపలు తీసిన సరస్సుల్లో కప్పలు, ఎన్నడూ చేప ఎరగని సరస్సులతో పోటీ పడేంతగా పెరిగాయి. 2004లో అచ్చయిన ఆ ఫలితాల్ని కాదనడానికి కాఫీ కబుర్లు చాలవు.

నష్టం నీటి అంచు దగ్గర ఆగిపోదు. కప్పల్ని తిని బతికే కొండ గార్టర్ పాము ట్రౌట్ సరస్సుల దగ్గర పల్చబడింది. మంచు గట్ల మీద తిరిగే రోజీ ఫించ్ అనే పిట్ట ఉంది. నీళ్లలోంచి రెక్కలొచ్చి లేచే మేఫ్లైలు దాని పిల్లలకి మేత. చేపల్లేని సరస్సుల చుట్టూ ఈ పిట్టలు చేపలున్న వాటి దగ్గరకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా కనబడ్డాయి. పిట్ట నోటి ముద్ద నీళ్లలోని చేప ముందే లాక్కుంటోందన్నమాట.

ఇంతవరకూ కప్పలూ పిట్టలూ నాకెందుకు, నాకు గాలమే ముఖ్యం అనే పెద్దమనిషి ఓపిగ్గా విన్నాడనుకుందాం. ఇక అతని భాషలోనే మాట్లాడదాం. ఫ్లై ఫిషింగ్ అంటే ఏమిటి? నీళ్లలో ఏ పురుగు ఏ వేళకి ఏ రూపంలో లేస్తుందో కనిపెట్టి, దానికి ఈకలతో, దారంతో నకలు కట్టి, చేపని నమ్మించడం. మన గొప్పలన్నీ అక్కడే ఉన్నాయి కదా. పెట్టెల నిండా మేఫ్లై నమూనాలు, తూనీగ పిల్లల నమూనాలు, ఇరవయ్యో నంబరు గాలం మీద భూతద్దం పెట్టి కట్టిన సూక్ష్మాలు. ఆ పెట్టె మోసుకుని పది వేల అడుగులెక్కి, ఏ సరస్సులో మేఫ్లైని ట్రౌట్ ఎప్పుడో మూలమట్టంగా తినేసిందో ఆ సరస్సులో మేఫ్లై నమూనాని తేలేస్తున్నాం. అక్కడి చేప తినేది చాలావరకు కింద లోయల నుంచి గాలికి కొట్టుకొచ్చి నీళ్లలో పడ్డ రెక్కల చీమలు, పెంకుపురుగులు, ఇంకా బురదలోంచి లేచే చిరోనమిడ్లు. మధ్యాహ్నం గాలి లేచిందంటే చేపలన్నీ గాలివాలు గట్టుకి చేరేది అందుకే. నల్ల చీమ నమూనా ఒక్కటుంటే ఆ రోజుకి పని అయిపోతుంది. ఇది చేతకాని విద్య అనను. కానీ మనం చెప్పుకునే కళకి పునాదైన పురుగుల్ని మనం పూజించే చేపే తినేసిందన్న సంగతి ఎవరూ ఎత్తరెందుకు?

పోనీ చేపైనా ఘనంగా ఉందా? ఎగువ సరస్సుల్లో ఎక్కువ చోట్ల తగిలేది బ్రూక్ ట్రౌట్. అమెరికా తూర్పు రాష్ట్రాల సరుకు. మిగతా ట్రౌట్‌లకి గుడ్లు పెట్టడానికి పారే వాగు కావాలి, దీనికి సరస్సు అడుగున ఊట ఉన్న గులకరాళ్లు చాలు. అందుకని పిల్లలు పుట్టిపడతాయి, తిండి మాత్రం పెరగదు. మోనో కౌంటీలో బన్నీ లేక్ అని చిన్న సరస్సు ఒకటుంది. అందులో వదిలిన బ్రూక్ ట్రౌట్‌ని నార్మన్ రైమర్స్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి గమనించి 1979లో రాశాడు. వాటిలో కొన్ని 24 ఏళ్లు బతికాయి. మామూలుగా నాలుగైదేళ్లకే చచ్చిపోయే చేప అది. ఇరవై నాలుగేళ్లకి దాని పొడవెంతయ్యా అంటే జానెడు! ఆకలి దాన్ని పెరగనివ్వలేదు. ఇలాంటి చేపని చేతిలోకి తీసుకున్నవాడికి తెలుస్తుంది. తల పెద్ద చేపది, ఒళ్లు పిల్ల చేపది, వెన్ను దగ్గర కండ ఉండాల్సిన చోట వేలికి ముల్లు తగులుతుంది. దీన్ని ఫొటో తీసి "కొండల ఆణిముత్యం" అని అందరికీ పంపుకుంటున్నాం.

నీటి తేటదనం మాటా ఒకటుంది. ట్రౌట్ గట్టు పురుగుల్ని తిని విసర్జించే భాస్వరం నీళ్లలో కలిసి నాచుకి ఎరువవుతుంది. అలాంటి కొండ సరస్సుల అడుగు మట్టి పొరల్ని తవ్వి చూసినవాళ్లకి చేపలొచ్చిన కాలం నుంచీ నాచు పెరిగిన ఆనవాళ్లు దొరికాయి.

ఇక ట్రౌట్ పక్షంవాళ్ల తురుపుముక్క. "కప్పల్ని చంపింది ట్రౌట్ కాదు, ఫంగస్" అంటారు. ఫంగస్ మాట నిజం. కైట్రిడ్ అనే ఆ బూజు కప్ప చర్మానికి పట్టి, ఒంట్లో లవణాల పొందిక చెడగొట్టి, గుండె ఆగేలా చేస్తుంది. సిక్స్‌టీ లేక్ బేసిన్‌లో ట్రౌట్‌ని తీశాక పుంజుకున్న కప్పల్నీ అది వదల్లేదు, వందలాదిగా చచ్చి తేలాయి. ఆ ఫొటోలు చూపించి "చేపల్ని తీసి ఏం బావుకున్నారు?" అని అడిగేవాళ్లకి గ్రినెల్, స్టోరర్ తమ పుస్తకం రాసిన సంవత్సరం మరోసారి గుర్తు చేస్తాను. ఈ ఫంగస్ సియెర్రాని ఊడ్చింది గత శతాబ్దం చివరి దశాబ్దాల నుంచి. అంతకు ముందే ట్రౌట్ కప్పల్ని లోతైన సరస్సుల్లోంచి తరిమి, విడివిడి మడుగుల్లో పిడికెడు పిడికెడుగా మిగిల్చింది. ఒక మడుగులో రోగమొచ్చి కప్పలు పోతే, పక్క మడుగు నుంచి వచ్చి నింపడానికి మధ్యలో ట్రౌట్ కాపలా. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. రోకలి దెబ్బ గట్టిదని గోరుచుట్టుకి మందు మానేస్తామా?

పైగా కథ అక్కడితో ముగియలేదు. యోసెమిటీలో 1991లో చేపలు వదలడం పూర్తిగా ఆపేశారు. ఆ తర్వాత ఇరవై ఏళ్ల పాటు వేల సర్వేలు చేసి న్యాప్ బృందం 2016లో తేల్చిందేమిటంటే, ఫంగస్ ఉండగానే అక్కడి కప్పలు సుమారు ఏడు రెట్లు పెరిగాయని. కొన్ని గుంపులు రోగాన్ని తట్టుకోవడం నేర్చుకున్నాయి. వాటిని పట్టి తెచ్చి వేరే సరస్సుల్లో వదిలితే అక్కడా నిలదొక్కుకుంటున్నాయని 2024లో మరో పత్రం వచ్చింది. అలా వదలడానికి ఎలాంటి సరస్సు కావాలి? లోతుగా, ట్రౌట్ లేకుండా ఉన్నది. ఫంగస్‌ని కొండల్లోంచి ఏరేసే మందు మన దగ్గర లేదు. ట్రౌట్‌ని ఏరేసే వల ఉంది. చేతనైనది మానేసి, చేతకానిదాన్ని చూపించి తప్పించుకోవడం ఏ రకం వాదనో నాకర్థం కాదు.

"నూటయాభై ఏళ్లయింది కదా, ఇప్పుడు ట్రౌట్ కూడా స్థానికమే" అన్న వాదన మీద ఎక్కువసేపు నిలవను. ఆ కప్ప అక్కడికొచ్చి లక్షల ఏళ్లయింది. కాలాన్ని కొలబద్దగా తెచ్చింది వాళ్లే కనుక తీర్పు కూడా వాళ్లే చెప్పుకోవచ్చు.

క్రూరత్వం సంగతి వేరు, దానికి జవాబివ్వాలి. వలలో మొప్పలు చిక్కి చేప చావడం చూడముచ్చటైన దృశ్యం కాదు. చలికాలం మంచు కింద కూడా వలలు ఉంచేస్తారు, వసంతంలో తీసేసరికి అవి చచ్చిన చేపలతో బరువెక్కి ఉంటాయి. నాకూ కడుపులో తిప్పినట్టవుతుంది. అయితే ఈ అభ్యంతరం ఎవరు చెబుతున్నారు? సరదా కోసం చేప నోట్లో ఇనప ముల్లు గుచ్చి, అలిసిపోయేదాకా లాగి, ఫొటోకి చేతుల్లో ఆడించి వదిలేవాళ్లం మనం. చేప నొప్పి మీద ఉపన్యాసం ఇచ్చే అర్హత శాకాహారులకుందేమో గానీ, రాడ్ పట్టుకున్న చేతికి లేదు. నేను చూసినంతలో, వలలు వేసే ఆ పార్కు సిబ్బంది వారాల తరబడి కొండ మీదే గుడారాల్లో ఉండి, చన్నీళ్లలో నిలబడి పనిచేసే కుర్రాళ్లూ అమ్మాయిలూ. చేపలంటే గిట్టక వచ్చినవాళ్లెవరూ నాకు కనబడలేదు.

"కొండల్ని కాపాడేది మేమే, మా లైసెన్సు డబ్బుతోనే అన్నీ నడుస్తున్నాయి" అన్న మాటలో కొంత నిజముంది. డ్యాములకీ, గనులకీ అడ్డుపడి నదుల్ని నిలబెట్టినవాళ్లలో గాలం పట్టినవాళ్లు ఎందరో. ఆ గౌరవం వాళ్లకి ఇవ్వాల్సిందే. కాకపోతే ఆ లైసెన్సు డబ్బు ఎటు పోతోందో కూడా చూడాలి. 2005లో వచ్చిన రాష్ట్ర చట్టం ప్రకారం చేపల లైసెన్సు రుసుములో మూడో వంతు హేచరీలకి, అంటే చేపల్ని పెంచి వదలడానికి వెళ్తుంది. సరస్సులో ముందేముందో పరిశీలించకుండానే చేపలు వదులుతున్నారని పర్యావరణ సంస్థలు 2006లో కోర్టుకెక్కితే, 2008లో కోర్టు అలాంటి చోట్ల వదలడానికి పగ్గం వేసింది. 2010లో గానీ ఆ పర్యావరణ సమీక్ష పూర్తి కాలేదు. నూరేళ్లకు పైగా చేసిన పనికి నివేదిక అప్పటికి తయారైంది. ఆ పగ్గం పడగానే ఎగువ సరస్సులన్నీ ఎడారులైపోతాయని గగ్గోలు పెట్టారు. కాలేదు. ఎందుకంటే అక్కడి ట్రౌట్‌లో పెద్ద భాగం ఎవరూ వదలకుండానే తనంతట తాను పిల్లల్ని పెడుతోంది. ఏటా విమానాలకి పోసిన డబ్బులో చాలా మటుకు నిజంగానే నీళ్లలో పోసినట్టయింది.

మనవాళ్లకి ఈ వాదన ఇంత తేలిగ్గా ఎందుకెక్కుతుందో నాకు తెలుసు. మన దృష్టిలో నీరున్న చోట చేప ఉండాలి. తెలంగాణలో 2016 నుంచి సర్కారే చెరువుల్లో ఉచితంగా చేపపిల్లల్ని వదిలిస్తోంది. బొచ్చె, రవ్వ పెరిగితే ఊరికి కూడు. అందులో తప్పేం లేదు. కాకతీయులు కట్టించిన రామప్ప, పాకాల లాంటి చెరువులు మనిషి కట్ట వేసి నిలిపిన నీళ్లు, వాగు వెంట చేప ఎలాగూ వచ్చే నీళ్లు. ఆ కళ్లతో సియెర్రా సరస్సుని చూడడమే చిక్కు. మన దగ్గర కూడా ఈ ఆలోచన హద్దు దాటుతూనే ఉంది. దోమల్ని తింటాయని అమెరికా చేప గంబూసియాని ఎక్కడ పడితే అక్కడ వదిలాం. అది దోమ పిల్లలతో పాటు మన నాటు చేపల పిల్లల్నీ, కప్ప గుడ్లనీ తింటుంది.

ఇప్పుడు హైదరాబాద్ నుంచి గుంపులు గుంపులుగా వెళ్తున్న కశ్మీర్ గ్రేట్ లేక్స్ ట్రెక్ తీసుకోండి. విషన్‌సర్, కృష్ణసర్ గట్ల మీద గుడారాలు వేసుకుని "కశ్మీరీ ట్రౌట్" అంటూ మురిసిపోతారు. ఆ బ్రౌన్ ట్రౌట్ బ్రిటన్ నుంచి గుడ్ల రూపంలో ఓడెక్కి వచ్చింది. 1899లో పంపిన మొదటి విడత దారిలోనే పాడైపోయింది, 1900లో రెండో విడత బతికింది. శ్రీనగర్‌లో తివాచీల కార్ఖానా నడిపిన ఫ్రాంక్ మిచెల్ వాటిని పెంచి నిలబెట్టాడు. దొరల వేట సరదాకి వచ్చిన చేప ఇవాళ కశ్మీర్ గుర్తు అయింది. కశ్మీర్ నదుల సొంత చేప స్కైజోథొరాక్స్, కశ్మీరీలు వండుకు తినే అసలు చేప, పర్యాటకుల పోస్టర్లలో ఎక్కడా కనబడదు. చేపలు వదిలినవాళ్లందరూ దుర్మార్గులని నేననను. సరదా పడ్డారు, మంచి చేస్తున్నామనుకున్నారు. మనకి ఆ సాకు కూడా లేదు, ఏం జరిగిందో చదివి కూర్చున్నాం.

ఇంతా చేసి పార్కు వాళ్లు అడుగుతున్నదెంత? సెకోయా-కింగ్స్ కెన్యన్‌లో 2001 నుంచి చేపలు తీస్తున్నది, ట్రౌట్ ఉన్న వందల సరస్సుల్లో ఒక చిన్న భాగంలోనే. అదీ ఒకదానికొకటి కలిసి ఉండి, కింద జలపాతం అడ్డున్న గొలుసులు చూసి ఎంచుకున్నవి. తక్కినవన్నీ మనకే. నడక దారి పక్కనే ఉన్న రే లేక్స్‌లో సాయంత్రం పూట ఇప్పటికీ నీటి మీద వలయాలు లేస్తూనే ఉంటాయి. అక్కణ్నుంచి గట్టు దాటితే సిక్స్‌టీ లేక్ బేసిన్. అటు వెళ్లేటప్పుడు రాడ్ గుడారంలో వదిలేసి వెళ్లండి, పనేమీ ఉండదు.

బ్రూక్ ట్రౌట్ కిటకిటలాడే సరస్సు తగిలితే మాత్రం, పట్టి వదలడమే పరమధర్మమన్న పాఠం పక్కన పెట్టండి. అక్కడ వదిలిన ప్రతి చేపా పక్క చేప కడుపు కొడుతుంది. నిబంధనలు ఎన్ని తెచ్చుకోనిస్తే అన్నీ తెచ్చుకోండి. జానెడు చేపే గనక గాట్లు పెట్టి ఉప్పూ కారం, కాస్త నిమ్మరసం పట్టించి, క్యాంపు స్టవ్ మీద చిన్న పెనంలో రెండు వైపులా ఎర్రగా వేగనివ్వండి. ముల్లు సన్నం, తీయడం తేలికే.